కోతచేలో పసుపునీళ్ల సంగ్రామం

రావులపాలేనికి దిగువన, కాలవ గట్టు వెంబడి పరుచుకున్న ఆ ఊళ్లో యుద్ధమన్నది ఒకటి జరిగిన దాఖలా చరిత్రలో ఎక్కడా లేదు. దండెత్తి వచ్చిన రాజులందరూ గోదావరి పాయ దగ్గర ఆగి, పడవవాళ్లతో బేరం కుదరక వెనుదిరిగి ఉంటారని పెద్దల ఊహ. అందుచేత మొన్న సార్వా కోతల్లో, మంచు వీడని ఒక ఉదయాన, ఆ ఊరి చేలో భూతలసేనకూ గగనసేనకూ మధ్య జరిగిన సంగ్రామాన్ని కొంత వివరంగా చెప్పుకోవడం న్యాయం. భూతలసేన అంటే అప్పాజీ గారి చైను కోతమిషను. గగనసేన అంటే కిరణ్ కుమార్ పెళ్లిళ్లకు తెచ్చే డ్రోను. పణంగా ఒడ్డినది అప్పాజీ గారి ఒక్కగానొక్క కొడుకు అశోక్‌ను.

కొడుకును ఒడ్డింది అప్పాజీ గారు కాదు. ఆయన దేన్నీ ఒడ్డగల మనిషి కాదు. ఎవరేమన్నా "ఆయ్, అలాగే కానివ్వండి" అనడమే ఆయన రాజనీతి సర్వస్వం. ఒడ్డింది ఆయన భార్య రత్నమాణిక్యం గారు. మిషను ఏ రైతు చేలోకి ఎప్పుడు దిగాలో, ఎవరి గట్టు తెగ్గొట్టకుండా ఎటు తిరగాలో నిర్ణయించే సర్వాధికారం ఆవిడది. ఆ అధికారం కింద మిషను నడిపే సారథి అశోక్. చక్రాలకు బదులు దళసరి రబ్బరు పట్టీల మీద పాకే ఆ యంత్రాన్ని అతను బురదచేలో, నిద్రపోతున్న పిల్లను భుజం మార్చుకున్నంత మెత్తగా తిప్పేవాడు. ఈ నేర్పు చూసిందో చూడకుండానే వరించిందో గాని, సైన్యం అతన్ని అగ్నివీరుడిగా ఎంపిక చేసి, ట్యాంకుల దళానికి కేటాయించింది. పై నెలలో మహారాష్ట్రలో ఎక్కడో ఉన్న శిక్షణ కేంద్రంలో హాజరు కావాలి.

ఈ పరిణామానికి మూలపురుషుడు రిసాల్దార్ పెద్దిరాజు గారు. రిసాల్దార్ అన్నది గుర్రపు దళాల నాటి హోదా. గుర్రాలు పోయి ట్యాంకులు వచ్చినా సైన్యం ఆ పేరు మార్చలేదు. ట్యాంకులు పోయాక కూడా బహుశా మార్చదు. రాజుగారు పాతికేళ్ల పైచిలుకు ట్యాంకులో కూర్చున్నారు. కూర్చున్నారన్నది ఆలోచించి వాడిన మాట. నేడో రేపో యుద్ధమని నమ్మి రాజస్థాన్ ఇసుకలో నెలల తరబడి ఇంజను వేడెక్కించారు, చల్లార్చారు. యుద్ధం మాత్రం ఆయన్ను పేరు పెట్టి ఒక్కసారీ పిలవలేదు. అయినా సాయంత్రాలు కాలవ గట్టు మీద ఆయన గొంతు సవరించుకుంటే చాలు, ఎదురుగా పండిన చేలు మెల్లగా రంగు మారి ఇసుకతిన్నెలయ్యేవి. అవతలి కొబ్బరితోట నీడలో ట్యాంకులు గొట్టాలు చాచి, తొండాలు నేలకు వాల్చిన ఏనుగుల్లా కునికేవి. అశోక్ పుట్టింది గోదావరి ఒండ్రులో. పెరిగింది ఆ ఇసుకలో.

రత్నమాణిక్యం గారు ముందు అభ్యంతరం చెప్పలేదు. చెప్పించినది ఆవిడ ఫోను. అంతవరకు ముగ్గులూ ఆవకాయలూ చూపించి బుద్ధిగా బతికిన ఆ ఫోనుకు, ఇంట్లో ఒక సైనికుడు తయారవుతున్న సంగతి ఎవరు చెప్పారో తెలియదు. ఒకనాటి మధ్యాహ్నం హఠాత్తుగా యుద్ధం చూపించడం మొదలుపెట్టింది. ఏదో దూరదేశపు మంచు మైదానం. మధ్యలో ఒక ట్యాంకు. పైనుంచి తుమ్మెదలా గిరికీలు కొట్టే చిన్న డ్రోను. తెరిచి ఉన్న మూత. తర్వాత పొగ. ఆ తర్వాత ప్రెషర్ కుక్కర్ ప్రకటన. ఇలాంటివి వరుసగా చూసి, ఆవిడ ఫోను పట్టుకుని తిన్నగా రాజుగారి వీధరుగు ఎక్కారు.

"రాజుగారూ, మీరు మావాడికి ఏనుగు కథ చెప్పారు. ఈ ఏనుగు దోమ కుడితే చస్తుందని చెప్పలేదేంటండి?"

రాజుగారు కళ్లజోడు పెట్టుకుని మొత్తం చూశారు. కుక్కర్ ప్రకటన కూడా వదల్లేదు.

"తగిలిందమ్మా," అన్నారు.

"తగిలిందని నాకూ కనబడిందండి. అందులో మా అశోక్ ఉంటే ఏంటి సంగతి అని అడుగుతున్నాను."

"తగిలినవాటికే వీడియో ఉంటుందండి. తగలనివి ఎవడు పెడతాడు? గాలికి కొట్టుకుపోయేవి, బ్యాటరీ అయిపోయి చేలో పడేవి, సిగ్నల్ తెగి దిక్కు తెలియక తిరిగేవి, వలలో చిక్కుకునేవి... వాటి ముఖం చూసేవాడు లేడు. చవకవి కదా, పోతే పోయాయనుకుంటారు."

"చవకవి కాబట్టే పది పంపుతారు, రాజుగారూ. నాకు వీడొక్కడే."

రాజుగారు ఫోను ఆవిడ చేతికి తిరిగి ఇచ్చారు.

"చూడమ్మా. ట్యాంకు పని అయిపోయిందని ఇప్పుడు కొత్తగా అనడం కాదు. మందుపాతర వచ్చినప్పుడు అన్నారు, రాకెట్టు వచ్చినప్పుడు అన్నారు, హెలికాప్టర్ వచ్చినప్పుడూ అన్నారు. ఒంటరిగా వెళ్తే చస్తుంది, నిజమే. పక్కన కాల్బలం, పైన వల, రేడియోని చెడగొట్టే పెట్టె, ముందు పొగ... ఇవన్నీ ఉంటే తీర్థంలో రథంలా వెళ్తుంది. ఎవడు పడితే వాడు దగ్గరికి రాలేడు."

"అయితే వాడికేమీ కాదని మాటివ్వండి."

రాజుగారు కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "ఆ మాట ఇవ్వలేనండి. మాటిస్తే నేను మనిషినే కాదు."

"పోనీ, ఆ రథమేదో చూపించండి. చూసి ఆలోచిస్తాను."

ధర్మయుద్ధ నియమాలు ఆ అరుగు మీదే ఖరారయ్యాయి. కాలవ పక్కనున్న తమ సొంత చేనును అశోక్ మిషనుతో కోయాలి. రాజుగారు సేనాపతిగా పక్కన నిలబడవచ్చు. గగనసేన పసుపునీళ్లు నింపిన ప్లాస్టిక్ ప్యాకెట్లు విసరవచ్చు. చేను ముగిసేవరకు అశోక్ ఒంటి మీద పసుపు పడకపోతే శిక్షణకు వెళ్తాడు. పడితే ఇక్కడే ఉండి ఊళ్లవాళ్ల చేలు కోసుకుంటాడు. న్యాయనిర్ణేత తల్లి. అప్పాజీ గారిని అడిగితే "ఆయ్, అలాగే కానివ్వండి" అన్నారు.

గగనసేనాధిపతి కిరణ్ కుమార్ చర్చి వీధి కుర్రవాడు, అశోక్‌తో కలిసి చదివినవాడు. అతని పెద్ద డ్రోను చేలకు మందు కొడుతుంది. చిన్నది పెళ్లిళ్లకు వెళ్తుంది. చర్చి గుమ్మం దాటే జంట మీద, పీటల మీది జంట మీద, మతభేదం పాటించకుండా గులాబీరేకులు కుమ్మరించడానికి దానికొక చిన్న కొక్కెం బిగించుకున్నాడు. ఆ కొక్కేనికే ఇప్పుడు పసుపునీళ్ల ప్యాకెట్ తగిలింది. మారణాయుధాల చరిత్రలో ఇంత మంగళకరమైన పరిణామం మరొకటి ఉండదు.

కోత నాటి పొద్దున్నే మిషనుకు కవచధారణ జరిగింది. పక్కవాళ్ల రొయ్యల చెరువు మీద కొంగలు వాలకుండా కట్టే నైలాను వల ఒకటి అడిగి తెచ్చారు. అరటితోటలో గెలలకు ఊతంగా పాతే వెదురు గెడలు నాలుగు వైపులా కట్టి, వల వాటి మీద పరిచి, అంచులు కిందికి దించారు. లోపల డ్రైవరు సీటులో అశోక్. పక్కన, మామూలుగా ధాన్యం సంచులు పట్టే మనిషి నిలబడే పలక మీద రిసాల్దార్ పెద్దిరాజు గారు. కొత్త పెళ్లికూతురి దోమతెరలో ఇద్దరు వీరులు యుద్ధసన్నద్ధులైనట్టుంది.

"ఒరేయ్ కిరణూ," వలలోంచి అశోక్ గొంతు తగ్గించి పిలిచాడు. "గురి కొంచెం అటూఇటూ చెయ్యరా. నీకు పుణ్యముంటుంది."

"మీ అమ్మగారు రాత్రి ఇంటికొచ్చి మరీ చెప్పారు రా. కావాలని తప్పిస్తే ఊళ్లో ఏ పెళ్లికీ నన్ను గుమ్మం తొక్కనివ్వరంట."

"ఫ్రెండువా నువ్వు?"

"ఫ్రెండునే. కానీ ప్రొఫెషనల్‌ని రా."

మిషను కదిలింది. అప్పుడింకా మంచు ఎంత దట్టంగా ఉందంటే గట్టు, చేను, కాలవ అన్న తేడాలు రద్దయిపోయి ఊరంతా ఒకే పాలసముద్రమైంది. కొబ్బరిచెట్ల తలలు మాత్రం, మొదళ్లు మరిచిపోయినట్టు, గాలిలో తేలుతున్నాయి. మంచు వీడి కంకులు ఆరితే గాని కోత మొదలుకాదు కనుక, మిషను చేను చుట్టూ ఉన్న బాట మీద మెల్లగా పాకింది. దాని చప్పుడు నాలుగు దిక్కుల నుంచీ వచ్చింది. ఆ తెల్లదనంలో రాజుగారు కళ్లు మూసుకున్నారు; తెరిచారు; రెంటికీ తేడా కనబడలేదు. పట్టీల కింద నలుగుతున్నది పచ్చిగడ్డో ఎడారి ఇసుకో ఆయన పాదాలు కాసేపు తేల్చుకోలేకపోయాయి. రావలసిన యుద్ధం ఇన్నేళ్లు దారి తప్పి, ఇప్పుడు ఈ మంచులో తన ఇల్లు వెతుక్కుంటూ వస్తున్నదేమోనన్న ఆలోచన ఆయనకు భయం కలిగించలేదు.

పైన డ్రోను రొద వినిపించింది.

"ఆంటీ, ఏమీ కనబడటం లేదండి," గట్టు మీద తెర చూస్తూ అన్నాడు కిరణ్ కుమార్. "పాలగ్లాసులో కెమెరా ముంచినట్టుంది."

"చప్పుడు వినబడుతోందిగా. దాన్నిబట్టి వెయ్యి."

వేశాడు. మంచులో ఎక్కడో చప్పున ఒక మెత్తని శబ్దం. కాసేపటికి తెల్లదనంలోంచి అప్పాజీ గారు నడిచివచ్చారు. భుజం మీది తువ్వాలు నిండా పసుపు. యుద్ధాల్లో మొదటి దెబ్బ తినేది దారినపోయేవాడే కావడం పురాతన ఆచారం. ఆ ఆచారానికి ఇక్కడా భంగం రాలేదు.

"ఆయ్, పర్వాలేదు, కానివ్వండి," అన్నారాయన.

పొద్దు బాగా ఎక్కాక మంచు ఒక్కొక్క పొరే ఒలుచుకుని పోయింది. చేను పచ్చగా, పసుపుగా, ఆపైన బంగారంగా బయటపడింది. కత్తులు దించి అశోక్ కోత ప్రారంభించాడు. కాలవ మీదుగా గాలి లేచింది. రెండో ప్యాకెట్ వదిలిన చోటు సరైనదే. పడిన చోటు మాత్రం పక్కవాళ్ల చేను. మూడోదానికి కిరణ్ కుమార్ డ్రోనును బాగా కిందికి దించాడు. అప్పటికి మిషను వెనక నుంచి ఊక, పొట్టు, దుమ్ము మేఘంలా లేచి, గాలివాటున మిషను చుట్టూ కమ్ముకున్నాయి. ఎండ పడి ఆ మేఘమంతా మెరుస్తుంటే, లోపలి యంత్రం ఎవరో కంటున్న కలలా ఉందో లేదో అన్నట్టు కదిలింది.

"ఇదేనమ్మా పొగతెర," వలలోంచి రాజుగారు ఎలుగెత్తి చెప్పారు. "సర్కారువారు దీనికి బోలెడు ఖర్చు పెడతారు. మనకి ఊరికే వచ్చింది."

తరువాతిసారి డ్రోను పొట్టుమేఘాన్ని చుట్టి రావడానికి కొబ్బరిచెట్ల వరుస వెనక్కి వెళ్లింది. వెళ్లినది వెళ్లినట్టే కిరణ్ కుమార్ చేతిలోని తెర నల్లబడింది. సిగ్నల్ తెగిన డ్రోను, ప్యాకెట్‌తో సహా, తాను బయలుదేరిన చోటికి బుద్ధిగా తిరిగివచ్చి దిగింది. పనిమీద ఊరు వెళ్లి, అడ్రసు మరిచిపోయి ఇంటికొచ్చిన పెద్దమనిషిలా ఉంది.

"ఏంట్రా ఇది?" అన్నారు రత్నమాణిక్యం గారు.

"చెట్లు అడ్డమండి. బ్యాటరీ కూడా మార్చాలండి."

"వీడియోల్లో ఇవేమీ చూపించరేంటి?"

"మా పెళ్లి వీడియోల్లో కూడా చూపించమండి, ఆంటీ."

బ్యాటరీ మార్చాక గాలి తగ్గింది. కిరణ్ కుమార్ చేయీ కుదిరింది. ఒకటి, మరొకటి, ఇంకొకటి, సరిగ్గా అశోక్ తలకు ఎగువనే పడ్డాయి. వల వాటిని పగలనివ్వలేదు. తొట్టెలో పసిపిల్లల్లా ఊపి, అక్కడే ఉంచుకుంది. పసుపుపచ్చని పండ్లు కాసిన వింత పందిరిని నెత్తిన పెట్టుకుని మిషను బంగారు చేలో తేలుతూ పోయింది. గట్టు మీద చేరిన జనం ఎండకు చేతులు అడ్డం పెట్టుకుని చూశారు. ఎగిరే తెల్లకొంగలు మిషను వెనకే దిగి, తెగిన మొదళ్ల మధ్య, యుద్ధం తమ కోసమే ఏర్పాటైందన్న నమ్మకంతో పురుగులు ఏరుకున్నాయి.

న్యాయనిర్ణేత ముఖం మాత్రం క్రమంగా పాలిపోయింది. ప్యాకెట్ జారిన ప్రతిసారీ ఆవిడ కొంగు పిడికిట్లో బిగిసేది. అది తగలనప్పుడు ఊపిరి వదిలేవారు. ఆ ఊపిరి పూర్తిగా వదలకముందే, తగలలేదు కనుక కొడుకు ఊరు దాటి ఒక బారెడు దూరం వెళ్లిపోయాడని గుర్తొచ్చేది. తగలాలని కోరుకోబోతే నోరు రాలేదు. తగలకూడదని కోరుకుంటే ఇల్లు ఖాళీ. గగనసేన బకెట్టులో ఒకే ఒక ప్యాకెట్ మిగిలింది. చేలో ఒక్క మూల, దాని పక్కన ఒక్క బారు మిగిలాయి.

ఎంత నేర్పున్న సారథికైనా చైను మిషను మూలలోకంటా తిరగదు. అక్కడ కాసిని దుబ్బులు నిలిచిపోతాయి. ఆ కంకులను చేత్తో కోసి, కుచ్చుగా అల్లి, పిచ్చుకలు తినడానికి వీధరుగు చూరుకు వేలాడదీయడం ఆ ఇంటి ఆచారం. కోయవలసినవాడు మిషను నడిపినవాడే. అశోక్ మూలను వదిలి, మిషనును కాలవ వైపు మళ్లించాడు. ఇంకొక్క బారు కోస్తే చేను అయిపోతుంది, గెలుపు ఖాయం. రాజుగారు అప్పుడే మీసం మీద చేయి వేశారు.

గట్టు మీద రత్నమాణిక్యం గారికి మూల కనబడింది. మూలలో ఒరిగిన కంకులు కనబడ్డాయి. ఎన్నో కోతల అలవాటు ఆవిడ గొంతులోంచి, ఆవిడను అడగకుండానే, బయటికి వచ్చింది.

"ఒరేయ్ అశోకూ, కుచ్చుకి కంకులు వదిలేసి పోతున్నావేంట్రా? దిగు."

అశోక్ మిషను ఆపాడు. వల అంచు పైకెత్తాడు. సీటు పక్కనున్న కొడవలి తీసుకుని చేలోకి దిగాడు. యుద్ధం జరుగుతున్నదని అతనికీ గుర్తులేదు, పిలిచినావిడకూ గుర్తులేదు. రాజుగారి చేయి మీసం మీదే ఆగిపోయింది. గుర్తున్నవాడు ఒక్క కిరణ్ కుమార్. డ్రోను సరిగ్గా మూల మీద, నిశ్చలంగా, దీపంలా నిలబడి ఉంది. అతను ఒక్క క్షణం న్యాయనిర్ణేత వైపు చూశాడు. ఆవిడ కంకుల వైపు చూస్తున్నారు. అతను మీట నొక్కాడు.

ప్యాకెట్ అశోక్ నడినెత్తిన పగిలింది. పసుపునీళ్లు జుట్టులోంచి నుదుటి మీదికి, చెంపల మీదికి, మెడ మీదికి దిగాయి. వంగి కొడవలి వేయబోతున్నవాడు అలాగే నిటారుగా లేచాడు. వెనక బంగారపు మొదళ్లు, ఎండ, నిలిచిపోయిన గాలి. మంగళస్నానానికి కూర్చోబెట్టిన పెళ్లికొడుకులా వెలిగిపోతున్నాడు. ఆ రూపు చూసి తల్లికి ఒక్క క్షణం సంతోషమే కలిగింది. రెండో క్షణంలో ఆ పసుపు ఎక్కణ్ణుంచి పడిందో అర్థమైంది.

"రూలు ప్రకారం తడిశాడండి," అన్నాడు కిరణ్ కుమార్, నేల చూపులు చూస్తూ.

"మిషనులో ఉండగా తగల్లేదు కదా," అన్నారు రాజుగారు. అని, తానే తల అడ్డంగా ఊపారు. "కాదులెండి. అలా అనకూడదు. ట్యాంకులో ఉన్నవాళ్ల కంటే, దిగినవాళ్లే ఎక్కువమంది పోతారు. తడిశాడు. అంతే."

అశోక్ తల్లి ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. ఆవిడ గట్టు దిగి, మొదళ్ల మీదుగా నడిచి, కొడుకు దగ్గరికి వచ్చారు. కొంగుతో తుడవబోయి, ఆగారు.

"డ్రోను ఏం చేసిందండి, రాజుగారూ. పొద్దుట్నుంచి దాని వల్ల ఏమైంది? నేను పిలిచాను. వీడు దిగాడు."

కిరణ్ కుమార్ డ్రోనును గట్టు మీదికి దించాడు.

"ఇక్కడ ఉంచుకుంటే వీడు నా పిలుపుకి అందుతాడని కదా నా ఆశ. అందాడు. చూడండి ఎలా అందాడో." ఆవిడ మెల్లగా అన్నారు. "అక్కడైతే దిగమని పిలవడానికి నేను ఉండను."

అప్పుడు అప్పాజీ గారు, తన రాజనీతికి విరుద్ధంగా, జీవితంలో మొదటిసారి ఒక సొంత మాట అన్నారు.

"ఫోన్ చేస్తావు కదే."

రత్నమాణిక్యం గారు భర్త వైపు, ఎవరో కొత్త మనిషి వైపు చూసినట్టు చూశారు. తరువాత కొడుకు చేతిలోని కొడవలి తీసుకున్నారు.

"ఎక్కరా. లోపల కూర్చో."

"అమ్మా..."

"కూర్చోమన్నానా? వల దించుకో. ఎవరు పిలిచినా దిగకు."

అశోక్ ఎక్కి, వల దించుకుని కూర్చున్నాడు. ఆవిడ మూలలో వంగి కంకులు కోయడం మొదలుపెట్టారు. వరిదుబ్బుల మధ్య ఆవిడ వీపు మాత్రం కనబడుతోంది. కాసేపటికి, తల ఎత్తకుండా, మామూలు గొంతుతో పిలిచారు.

"ఒరేయ్ అశోకూ, ఒకసారి ఇలా దిగిరా."

అతని కాలు మెట్టు దాకా వెళ్లింది. అక్కడ ఆగి, వెనక్కి వచ్చింది. రాజుగారు అతని వైపు చూడకుండా ఎదురుగా ఉన్న కాలవను చూస్తూ నిలబడ్డారు.

"దాహంగా ఉందిరా. ఆ నీళ్లసీసా అందించి పో."

అశోక్ రెండు చేతులతో వల పట్టుకున్నాడు. నైలాను తాళ్లు అతని వేళ్ల మధ్య తెల్లగా బిగిశాయి. ఆవిడ ఇంకా నాలుగు దుబ్బులు కోశారు. మూడోసారి పిలుపు చిన్నగా వచ్చింది.

"కొడవలి తగిలిందిరా నాన్నా. వేలు తెగింది."

గట్టు మీద జనం కదిలారు. అప్పాజీ గారు ఒక అడుగు వేశారు. కిరణ్ కుమార్ తెర కింద పెట్టేశాడు. వలలోపల అశోక్ ముఖం మీది పసుపు, ఎండిపోయిన చోట మళ్లీ తడిసి, రెండు చారలుగా గడ్డం దాకా జారింది. అతను కళ్లు గట్టిగా మూసుకున్నాడు. దిగలేదు.

రత్నమాణిక్యం గారు కుచ్చు అల్లడం పూర్తిచేసి లేచారు. దాన్ని రెండు చేతులా పట్టుకుని ఉన్నారు కనుక, వేలు తెగిందో లేదో ఎవరికీ కనబడలేదు.

"పై నెలలో పంపుదామండి," అన్నారు ఆవిడ రాజుగారితో.

"ఆయ్, అలాగే," అన్నారు అప్పాజీ గారు. ఆ మాట ఈసారి సగంలోనే ఆగింది.